జాన్ లాంగ్డన్ డౌన్

జాన్ లాంగ్డన్ హేడన్ డౌన్ (నవంబరు 18, 1828 - అక్టోబరు 7, 1896) ఇంగ్లాండుకు చెందిన వైద్యుడు. బుద్ధిమాంద్యంతో పుట్టిన పిల్లల సంరక్షణకు, శిక్షణకు తన జీవితాన్ని వెచ్చించాడు. ఆ పిల్లలలో ఒక వర్గంవారి ముఖ లక్షణాలను, శరీర లక్షణాలను, స్వభావాన్ని 1866లో విడిగా గుర్తించి వర్ణించాడు. ఆ స్థితినే నేడు ఈయన పేరు మీద డౌన్ సిండ్రోమ్ అని పిలుస్తున్నారు. దీనికి కారణం 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటమేనని ఈయన మరణించిన 63 సంవత్సరాలకు, అంటే 1959లో తేలింది. గర్భం దాల్చిన మొదటి మూడు నెలలలో పిండంలోని క్రోమోజోము లోపాలను పసిగట్టడానికి నేడు చేస్తున్న పరీక్షలు ప్రధానంగా ఈ స్థితిని దృష్టిలో పెట్టుకొని రూపొందినవే. ఆ పరీక్షలలో ముఖ్యమైన ఒక కొలతకు మూలం డౌన్ 1866 నాటి వర్ణనలోని ఒక చిన్న పరిశీలనలో కనిపిస్తుంది.

బాల్యం

డౌన్ ఇంగ్లాండు నైరుతి మూలన ఉన్న కార్న్‌వాల్ ప్రాంతంలో టార్‌పాయింట్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ ఆల్మండ్ డౌన్ ఆ ఊరిలో సరుకులు, మందులు అమ్మే దుకాణం నడిపేవాడు. తల్లి పేరు హన్నా. వారి సంతానంలో ఈయన చివరివాడు. పద్నాలుగేళ్ళు నిండే నాటికే చదువు మానిపించి తండ్రి దుకాణంలో పనికి పెట్టారు. మందులు నూరడం, తూచడం, పొట్లాలు కట్టడం ఈయన తొలి విద్య అని చెప్పవచ్చును.

సుమారు పద్దెనిమిదేళ్ళ వయసులో జరిగిన ఒక సంఘటనను డౌన్ తరువాతి కాలంలో తన జీవితాన్ని మలుపు తిప్పినదిగా చెప్పుకున్నాడు. వేసవిలో ఒకనాడు కుటుంబంతో కలిసి విహారానికి వెళ్ళినపుడు పెద్ద వాన రావడంతో అందరూ ఒక పల్లె ఇంటిలో తలదాచుకున్నారు. అక్కడ వారికి ఉపచారాలు చేసిన బాలిక బుద్ధిమాంద్యం గలది. ఆమె కోసం చేయగలిగినది ఏదీ లేదా అన్న ప్రశ్న ఈయనను చాలాకాలం వెంటాడింది. అయితే అప్పటికి ఈయన వైద్య విద్యార్థి కూడా కాదు.

విద్యాభ్యాసం

పద్దెనిమిదేళ్ళ వయసులో డౌన్ లండను చేరి వైట్‌చాపెల్ రోడ్డులో ఒక శస్త్రవైద్యుని వద్ద పనికి కుదిరాడు. సీసాలు కడగడం, మందులు కలపడం, పళ్ళు పీకడం, ఆ కాలపు పద్ధతి ప్రకారం రోగుల నుంచి రక్తం తీయడం ఈయన పనులు. తరువాత బ్లూమ్స్‌బరీ స్క్వేర్‌లోని ఫార్మస్యూటికల్ సొసైటీ ప్రయోగశాలలో చేరి కర్బన రసాయన శాస్త్రంలో బహుమతి పొందాడు. ప్రఖ్యాత శాస్త్రవేత్త మైకేల్ ఫారడే వాయువులపై చేస్తున్న పనిలో కొంతకాలం సహాయపడినట్లు జీవిత చరిత్రకారులు పేర్కొన్నారు. మధ్యలో తండ్రికి తోడుగా ఉండటానికి టార్‌పాయింట్‌కు తిరిగి వెళ్ళవలసి వచ్చింది.

1853లో తండ్రి మరణించాడు. అదే సంవత్సరం డౌన్ తన 25వ ఏట లండన్ హాస్పిటల్ వైద్య పాఠశాలలో చేరాడు. తోటి విద్యార్థులకంటే వయసులో పెద్దవాడైనా చదువులో ముందుండి అనేక బహుమతులు గెలుచుకున్నాడు. 1856లో వైద్య వృత్తికి అర్హత పొందాడు. 1859లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి ఎం.డి. పట్టా అందుకున్నాడు. అదే సంవత్సరం లండన్ హాస్పిటల్‌లో సహాయ వైద్యునిగా నియమితుడయ్యాడు.

ఎర్ల్స్‌వుడ్ శరణాలయం

1858లో డౌన్ సర్రే ప్రాంతంలోని ఎర్ల్స్‌వుడ్ శరణాలయానికి వైద్య సూపరింటెండెంటుగా వెళ్ళాడు. లండనులో పేరు తెచ్చుకునే అవకాశం ఉన్న యువ వైద్యుడు ఇటువంటి పదవిని కోరుకోవడం తోటివారికి ఆశ్చర్యం కలిగించింది. ఆ కాలంలో బుద్ధిమాంద్యం గలవారిని పిచ్చివారితోను, నేరస్తులతోను, బిచ్చగాళ్ళతోను కలిపి ఉంచడం మామూలు. వైద్యశాస్త్రం కూడా వీరిని 'ఇడియట్లు' అనే మాటతోనే వ్యవహరించేది. వీరికి ఏమీ నేర్పలేమనే నమ్మకం సమాజంలో గట్టిగా ఉండేది. ఎర్ల్స్‌వుడ్ ఈ పిల్లల కోసమే ప్రత్యేకంగా కట్టినది అయినా, అక్కడి పరిస్థితులు బాగాలేవని ప్రభుత్వ పర్యవేక్షకులు అంతకు ముందే విమర్శించారు.

డౌన్ అక్కడ శారీరక దండనను నిషేధించాడు. శుభ్రతకు, మంచి ఆహారానికి ప్రాధాన్యమిచ్చాడు. బల్ల వద్ద కూర్చొని కత్తి, ఫోర్కులతో తినడం, బట్టలు వేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం, దుకాణంలో సరుకు కొనడం వంటి నిత్యజీవిత విద్యలను మెట్టు మెట్టుగా నేర్పించాడు. చేతిపనులకు పెద్దపీట వేశాడు. మాట సరిగా రాని, చెవులు సరిగా వినపడని జేమ్స్ హెన్రీ పుల్లెన్ అనే వ్యక్తి ఇక్కడే ఉండి అద్భుతమైన ఓడ నమూనాలు, చెక్క పనులు చేసి ప్రసిద్ధుడయ్యాడు.

1860లో డౌన్ మేరీ క్రెల్లిన్‌ను వివాహం చేసుకున్నాడు. శరణాలయపు పనిలో ఆమె భర్తతో సమానంగా పాలుపంచుకుంది. డౌన్ ఫోటోగ్రఫీ కూడా నేర్చుకొని, శరణాలయంలోని వారి ఛాయాచిత్రాలను రెండు వందలకు పైగా తీశాడు. వీటిలో చాలా వాటిలో పిల్లలు మంచి దుస్తులలో, కుటుంబ చిత్రాలలో ఉన్నట్లే కూర్చొని కనిపిస్తారు. రోగులను ఈ విధంగా, ఇంత పెద్ద సంఖ్యలో చిత్రించినవారు ఆ కాలంలో అరుదు.

1866 నాటి వ్యాసం

ఎర్ల్స్‌వుడ్‌లోని పిల్లల తల చుట్టుకొలతలు, నోటి నిర్మాణం, ముఖ లక్షణాలు, కుటుంబ వివరాలు డౌన్ క్రమపద్ధతిలో నమోదు చేశాడు. వాటి ఆధారంగా 1866లో లండన్ హాస్పిటల్ నివేదికలలో ఒక చిన్న వ్యాసాన్ని ప్రచురించాడు. అందులో బుద్ధిమాంద్యం గలవారిని జర్మన్ శాస్త్రవేత్త బ్లూమెన్‌బాక్ చేసిన మానవ జాతుల విభజనను అనుసరించి వర్గీకరించడానికి ప్రయత్నించాడు. వారిలో ఒక వర్గంవారి ముఖాలు మంగోలు జాతివారి ముఖాలను పోలి ఉన్నాయని భావించి ఆ పేరే పెట్టాడు. తన వద్ద ఉన్నవారిలో పదిశాతానికి పైగా ఈ వర్గానికి చెందినవారేనని రాశాడు.

ఈ వ్యాసంలోని వర్ణన చాలా నిశితమైనది. వెడల్పుగా, చదునుగా ఉండే ముఖం, చిన్న ముక్కు, పొడవుగా దళసరిగా ఉండే నాలుక, బలహీనమైన రక్త ప్రసరణ మొదలైనవి డౌన్ గుర్తించాడు. వీరి చర్మానికి సాగే గుణం తక్కువని, అది శరీరానికి మించి వదులుగా ఉన్నట్లు కనిపిస్తుందని రాశాడు. వీరికి ఇతరులను అనుకరించే నేర్పు, హాస్యప్రియత్వం ఉన్నాయని, శిక్షణతో అనుకున్నదానికంటే ఎక్కువ ఫలితం వస్తుందని చెప్పాడు. ఇది పుట్టిన తరువాత ప్రమాదాల వల్ల వచ్చేది కాదని, ఎప్పుడూ పుట్టుకతోనే ఉంటుందని స్పష్టం చేశాడు. అంటే కారణం గర్భంలోనే ఉన్నదని ఆనాడే తేల్చి చెప్పినట్లయింది.

ఈ స్థితి గల పిల్లలను డౌన్ కంటే ముందు ఫ్రెంచి వైద్యుడు ఎడ్వర్డ్ సెగ్విన్ కూడా వర్ణించాడు. కాని దీనిని మిగిలిన బుద్ధిమాంద్య స్థితుల నుంచి వేరుచేసి ఒక ప్రత్యేక వర్గంగా నిలబెట్టిన ఘనత డౌన్‌కు దక్కింది.

పొరపాట్లు, విమర్శలు

డౌన్ పరిశీలన సరైనదే అయినా చెప్పిన కారణాలు తప్పు. తల్లిదండ్రులకు క్షయవ్యాధి ఉండటం వల్ల పిల్లలు ఇలా పుడతారని భావించాడు. జాతి పేరుతో చేసిన వర్గీకరణకు శాస్త్రీయమైన ఆధారం లేదు. ఆ పేరు వల్ల ఈ పిల్లలకు, మంగోలు ప్రజలకు కూడా సుమారు వంద సంవత్సరాలు అవమానం జరిగింది.

అయితే ఈ వర్గీకరణ నుంచి డౌన్ తీసుకున్న నిర్ణయం గమనించదగినది. అప్పట్లో అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించేవారు కొందరు మానవ జాతులు వేర్వేరు జీవజాతులని వాదించేవారు. ఒక జాతి తల్లిదండ్రులకు మరొక జాతి లక్షణాలున్న బిడ్డ పుట్టగలిగితే, జాతుల మధ్య దాటరాని గోడలేవీ లేనట్లేనని, మానవులందరూ ఒకే జాతి అనడానికి ఇది సాక్ష్యమని డౌన్ వాదించాడు. వాదానికి పునాది తప్పయినా, చేరుకున్న గమ్యం మానవ సమానత్వం.

1887లో లండన్ మెడికల్ సొసైటీ ఆహ్వానంపై ఇచ్చిన లెట్‌సోమియన్ ఉపన్యాసాలలో డౌన్ జాతుల వర్గీకరణకు బదులు కారణాన్ని బట్టి మూడు వర్గాలు చేశాడు: పుట్టుకతో వచ్చేవి, ఎదుగుదలలో వచ్చేవి, ప్రమాదవశాత్తు వచ్చేవి. ఇతర విషయాలలో వెనుకబడి ఉన్నా జ్ఞాపకశక్తిలోనో, సంగీతంలోనో, లెక్కలలోనో అసాధారణ ప్రతిభ చూపేవారిని గురించి కూడా ఈ ఉపన్యాసాలలోనే వివరించాడు.

నార్మన్స్‌ఫీల్డ్

పాలక మండలితో వచ్చిన విభేదాల వల్ల డౌన్ 1868లో ఎర్ల్స్‌వుడ్‌ను విడిచిపెట్టాడు. అదే సంవత్సరం భార్యతో కలిసి లండనుకు సమీపాన హాంప్టన్ విక్ వద్ద ఒక పెద్ద భవనాన్ని కొని స్వంత సంస్థను ప్రారంభించాడు. తన మిత్రుడు నార్మన్ విల్కిన్‌సన్ పేరు మీద దానికి నార్మన్స్‌ఫీల్డ్ అని పేరు పెట్టాడు. ఇది రుసుము చెల్లించగల ధనిక కుటుంబాల పిల్లల కోసం నడిచిన సంస్థ. బీదవారికి ఇందులో చోటు దొరకడం కష్టం. ఐతే తమ పిల్లలను ఇంటిలో దాచి ఉంచే అలవాటున్న ఉన్నత కుటుంబాలు వారికి విద్య చెప్పించవచ్చునని ఈ సంస్థను చూసి గ్రహించాయి.

ఇక్కడ తోటలు, పొలం, పనిశాలలు ఉండేవి. పిల్లలకు గుర్రపు స్వారీ, తోటపని, సంగీతం, నృత్యం నేర్పేవారు. 1879లో ఒక నాటకశాలను కూడా నిర్మించారు. అక్కడ పిల్లలు, సిబ్బంది కలిసి ప్రదర్శనలు ఇచ్చేవారు. సంస్థ నిర్వహణ భారం చాలావరకు మేరీ వహించింది.

డౌన్ స్త్రీల ఉన్నత విద్యను సమర్థించాడు. చదువుకున్న స్త్రీలకు బుద్ధిమాంద్యం గల పిల్లలు పుడతారనే అపోహ ఆనాడు కొందరు వైద్యులలో కూడా ఉండేది. డౌన్ దానిని ఖండించాడు.

మరణం, కుటుంబం

డౌన్ 1896 అక్టోబరు 7న తన 67వ యేట ఆకస్మికంగా మరణించాడు. మేరీ 1900లో మరణించింది. కుమారులు రెజినాల్డ్, పెర్సివల్ ఇద్దరూ వైద్యులై నార్మన్స్‌ఫీల్డ్ బాధ్యతలు చేపట్టారు. ఈ స్థితి గల పిల్లల అరచేతిలో ఒకే అడ్డగీత ఉండటాన్ని రెజినాల్డ్ గుర్తించాడు. జాతి పోలిక పైపైన కనిపించే యాదృచ్ఛికమైనదేనని తండ్రి సిద్ధాంతాన్ని తోసిపుచ్చినవాడు కూడా రెజినాల్డే. 1905లో రెజినాల్డ్‌కు పుట్టిన కుమారునికి ఇదే స్థితి ఉంది. ఆ మనుమడు కుటుంబంలోనే పెరిగి 1970 వరకు జీవించాడు.

నార్మన్స్‌ఫీల్డ్ 1951లో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవలో విలీనమయ్యింది. 1970లలో అక్కడి సంరక్షణ బాగా క్షీణించి, 1976లో నర్సులు సమ్మె చేయగా ప్రభుత్వం విచారణ జరిపించింది. 1997లో ఆసుపత్రి మూతపడింది. నాటకశాలను మాత్రం చారిత్రక కట్టడంగా కాపాడారు. ఆ ప్రాంగణంలో తరువాత లాంగ్డన్ డౌన్ పేరిట మ్యూజియం ఏర్పడింది.

క్రోమోజోము కారణం, పేరు మార్పు

తల్లి వయసు పెరిగేకొద్దీ ఈ స్థితి గల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని బ్రిటిష్ వైద్యుడు లయొనెల్ పెన్‌రోజ్ 1933లో గణాంకాలతో నిరూపించాడు. ఈ అవకాశం తల్లికి 20 ఏళ్ళప్పుడు సుమారు 1,500 కాన్పులకు ఒకటి కాగా, 35 ఏళ్ళకు సుమారు 350కి ఒకటి, 40 ఏళ్ళకు సుమారు 100కి ఒకటి. మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉంటాయని 1956లో త్జియో, లెవాన్‌లు తేల్చారు. 1959లో పారిస్‌లో జెరోమ్ లెజూన్, మార్త్ గోతియే, రేమండ్ తుర్పిన్‌లు ఈ స్థితి గల పిల్లల కణాలలో 47 క్రోమోజోములు ఉన్నట్లు ప్రకటించారు. అదనంగా ఉన్నది 21వ క్రోమోజోము. అందువల్ల దీనిని ట్రైసోమీ 21 అని కూడా అంటారు.

1961లో 19 మంది శాస్త్రవేత్తలు, వైద్యులు 'లాన్సెట్' పత్రికకు లేఖ రాసి జాతి పేరును మానుకోవాలని కోరారు. సంతకం చేసినవారిలో డౌన్ మనుమడు, నార్మన్స్‌ఫీల్డ్ వైద్యుడు అయిన నార్మన్ లాంగ్డన్ డౌన్ కూడా ఉన్నాడు. వారు సూచించిన పేర్లలో 'డౌన్ సిండ్రోమ్' అనేదానిని పత్రిక సంపాదకుడు ఎంచుకున్నాడు. 1965లో మంగోలియా దేశపు అభ్యర్థనపై ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పాత పేరును విడిచిపెట్టింది.

గర్భంలో పరీక్షలు - డౌన్ పరిశీలన

గర్భిణి ఉమ్మనీటి నుంచి తీసిన కణాలను పెంచి క్రోమోజోములను చూడవచ్చునని 1966లో తేలింది. 1968లో డౌన్ సిండ్రోమ్‌ను ఈ పద్ధతిలో పుట్టుకకు ముందే గుర్తించారు. అయితే కడుపులోనికి సూది గుచ్చే ఈ పరీక్షలో గర్భస్రావం జరిగే ముప్పు కొద్దిగా ఉంది. అందువల్ల దీనిని చాలాకాలం 35 ఏళ్ళు దాటిన తల్లులకే సూచించేవారు. కాని మొత్తం కాన్పులలో ఎక్కువ భాగం చిన్న వయసు తల్లులవే కాబట్టి, వయసు ఒక్కటే చూస్తే ఎక్కువమంది పిల్లలు గుర్తింపుకు అందరు. సూది అవసరం ఎవరికి ఉన్నదో ముందుగా తేల్చే మార్గం కావలసి వచ్చింది.

1992లో లండనులోని కింగ్స్ కాలేజ్ హాస్పిటల్‌లో కిప్రోస్ నికొలాయిడెస్ బృందం అటువంటి మార్గాన్ని చూపింది. 11 నుంచి 14 వారాల మధ్య పిండం మెడ వెనుక చర్మం కింద కొంత ద్రవం చేరుతుంది. అల్ట్రాసౌండ్ తెరపై అది నల్లని సన్నని పట్టీలా కనిపిస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిండాలలో ఈ పట్టీ మందం సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. వదులుగా, శరీరానికి మించినట్లు ఉండే చర్మాన్ని గురించి డౌన్ 1866లో రాసిన మాటకు, ఈ కొలతకు సంబంధం ఉన్నదని నికొలాయిడెస్ తన రచనలలో గుర్తుచేశాడు. డౌన్ గమనించిన చిన్న ముక్కు కూడా 2001 నుంచి ఈ పరీక్షలో భాగమయ్యింది. ఈ పిండాలలో చాలా వాటికి ఆ వారాలలో ముక్కు ఎముక తెరపై కనిపించదు.

తెలుగు నాట 'ఎన్.టి. స్కాన్' అని వ్యవహరించేది ఈ పరీక్షనే. పిండం తల నుంచి పిరుదుల వరకు పొడవు 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉన్నపుడే ఇది పనికి వస్తుంది. దీని ఫలితానికి తల్లి వయసును, తల్లి రక్తంలోని రెండు పదార్థాల కొలతలను చేర్చి లెక్కిస్తారు. ఈ విధంగా ప్రతి వందమంది డౌన్ సిండ్రోమ్ పిండాలలో సుమారు 90 బయటపడతాయి. కాని లోపం లేని గర్భాలలో కూడా నూటికి సుమారు 5 అనుమానపు జాబితాలో చేరుతాయి. తల్లి రక్తంలో పిండానికి సంబంధించిన డి.ఎన్.ఏ. తునకలు తిరుగుతుంటాయని డెన్నిస్ లో 1997లో కనుగొన్నాడు. దాని ఆధారంగా 2011 నుంచి అందుబాటులోకి వచ్చిన రక్త పరీక్ష ట్రైసోమీ 21ను నూటికి 99 వరకు పసిగడుతుంది.

ఇవన్నీ అవకాశాన్ని అంచనా వేసే పరీక్షలే తప్ప నిర్ధారణ కావు. నిర్ధారణకు మాయ నుంచి గాని, ఉమ్మనీటి నుంచి గాని కణాలు తీసి క్రోమోజోములను చూడవలసిందే.

భారతదేశంలో

భారతదేశంలో ఈ పరీక్షలకు 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిరోధక చట్టం వర్తిస్తుంది. 2003లో దీనిని సవరించారు. క్రోమోజోము లోపాలు తెలుసుకోవడానికి పరీక్షలు చేయడాన్ని చట్టం అనుమతిస్తుంది. శిశువు ఆడా, మగా అని వెల్లడించడం నేరం. 2021లో గర్భవిచ్ఛిత్తి చట్టానికి చేసిన సవరణ ప్రకారం, పిండంలో తీవ్రమైన లోపాలున్నట్లు వైద్య మండలి నిర్ధారిస్తే 24 వారాల పరిమితి వర్తించదు.

హైదరాబాదులో బేగంపేటలోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యు వ్యాధుల సంస్థ, నిమ్స్ ఆసుపత్రి, డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ మరియు రోగనిర్ధారణ కేంద్రం జన్యు రంగంలో పనిచేసే సంస్థలు. మేనరికపు పెళ్ళిళ్ళ వల్ల ప్రధానంగా పెరిగేవి తల్లిదండ్రులిద్దరి నుంచి ఒకే లోపపు జన్యువు అందితే వచ్చే వ్యాధులు. ట్రైసోమీ 21 ఆ కోవకు చెందదు. ఇది చాలావరకు అండం ఏర్పడేటపుడు క్రోమోజోములు సరిగా విడిపోకపోవడం వల్ల వస్తుంది. ఇందులో తల్లి చేసిన తప్పు గాని, తిన్న తిండి ప్రభావం గాని ఏమీ లేదు.

పిల్లలకు శిక్షణనిచ్చే విషయంలో కూడా హైదరాబాదుకు చరిత్ర ఉంది. ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో మొదలయ్యింది. కేంద్ర ప్రభుత్వం 1984లో సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం గలవారి కోసం జాతీయ సంస్థను నెలకొల్పింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మేధోపరమైన వైకల్యం గలవారికి విద్యలోను, ఉపాధిలోను హక్కులు కల్పించింది.

ప్రభావం

డౌన్ పేరు నేడు రెండు భిన్నమైన సందర్భాలలో వినిపిస్తుంది. ఒకటి గర్భిణి చేతికి వచ్చే పరీక్షా ఫలితంలో, రెండవది ఆ స్థితితో జీవిస్తున్నవారి బడులలో, సంఘాలలో. డెన్మార్క్ 2004లో గర్భిణులందరికీ తొలి మూడు నెలల పరీక్షను సూచించిన తరువాత ఈ స్థితితో పుట్టేవారి సంఖ్య బాగా తగ్గింది. ఫలితం తెలిసిన తరువాత నిర్ణయం తల్లిదండ్రులదే అయినా, ఆ నిర్ణయానికి ముందు ఈ పిల్లల జీవితం ఎలా ఉంటుందో వారికి నిష్పాక్షికంగా తెలియజేయాలని వైద్య సంఘాలు, తల్లిదండ్రుల సంఘాలు కోరుతున్నాయి. గుండె శస్త్రచికిత్సలు, మంచి వైద్యం వల్ల అభివృద్ధి చెందిన దేశాలలో ఈ స్థితి గలవారి సగటు ఆయుర్దాయం నేడు 60 సంవత్సరాలకు చేరువయ్యింది. 20వ శతాబ్దపు తొలినాళ్ళలో వీరిలో చాలామంది బాల్యం దాటేవారు కాదు.

21వ క్రోమోజోము మూడు ఉండటాన్ని సూచిస్తూ మూడవ నెల 21వ తేదీని, అంటే మార్చి 21ని ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినోత్సవంగా 2006 నుంచి జరుపుతున్నారు. 2012 నుంచి ఐక్యరాజ్య సమితి దీనిని అధికారికంగా పాటిస్తున్నది. గర్భంలోనే ఆరంభమైన స్థితిని గుర్తించడం, దానితో పుట్టినవారికి నేర్పించడం అనే రెండు పనులను డౌన్ తన జీవితంలో వేరుచేసి చూడలేదు. నిశిత పరిశీలన మొదటి పనికి దారి తీసింది. ఎర్ల్స్‌వుడ్, నార్మన్స్‌ఫీల్డ్‌లలో గడిపిన 38 సంవత్సరాలు రెండవ పనికే అంకితమయ్యాయి.